ఎనిమిది రోజుల నడక గురించి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి,

నమస్కారములు. ఇక్కడ నేను క్షేమంగా ఉన్నాను. ఆఫీసు పని మామూలుగానే సాగుతోంది కనుక దాని గురించి రాయడం లేదు. మొన్న ఫోనులో "అంత దూరం ఒక్కదానివే ఎందుకు నడిచావమ్మా" అని మీరు అడిగినప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. అప్పటినుంచి మనసు అక్కడే ఉంది.

స్కాట్లండ్‌లో నేను నడిచిన వెస్ట్ హైలాండ్ వే అనే కాలిబాట, గ్లాస్గో పక్కనున్న మల్‌గై దగ్గర మొదలై ఫోర్ట్ విలియమ్ వరకు 154 కిలోమీటర్లు సాగుతుంది. 1980లో తెరిచిన ఈ బాటలో వేసవి అంతా నడిచేవాళ్ళు ఉంటారు, దారి తప్పకుండా తెల్లని ముళ్ళపువ్వు గుర్తున్న కొయ్య స్తంభాలు ఉంటాయి, ఏ రాత్రికి ఎక్కడ బసో ముందే మాట్లాడుకొని వెళ్ళాను. నేను తెగించి అడవిలో పడ్డానని మాత్రం అనుకోకండి. అమ్మకు ఈ మాట మీరే నచ్చజెప్పాలి.

తప్పు నా వల్ల జరిగింది, అది మీ దగ్గర దాచను. మొదటి రోజు 19 కిలోమీటర్లూ దాదాపు చదునైన నేల కావడంతో, ఒంట్లో ఓపిక ఉంది కదా అని ముందున్న వాళ్ళందరినీ దాటుకుంటూ మధ్యాహ్నానికే బస చేరాను. రెండో రోజు కోనిక్ హిల్ ఎక్కడం కంటే దిగడంలోనే నష్టం జరిగింది. అవతల బల్మహా వైపు నిటారుగా ఉన్న వాలును ఇంచుమించు పరుగున దిగాను. దిగేటప్పుడు తొడ కండరాలు ఒంటి బరువును ఆపుతూనే సాగుతాయట, ఆ ఒత్తిడికి లోపల కలిగే నొప్పి అప్పటికప్పుడు కాక ఒకటి రెండు రోజులకు బయటపడుతుందట. కుడి మడమ చురుక్కుమంటున్నా ఆగి బూటు విప్పలేదు. సాయంత్రం చూసుకుంటే బొటనవేలి గోరంత బొబ్బ.

మూడో రోజు లోమండ్ సరస్సు ఒడ్డున చెట్ల వేళ్ళూ బండరాళ్ళూ దాటుకుంటూ 22 కిలోమీటర్లు నడవాలి. స్కాట్లండ్‌కు చెందిన విలియమ్ నైస్మిత్ 1892లో చెప్పిన లెక్క ఒకటుంది. గంటకు 3 మైళ్ళ నడక, ఎక్కే ప్రతి 2000 అడుగులకు మరో గంట. ఆ ప్రకారం ఆరు గంటలు చాలనుకున్నాను, తొమ్మిదిన్నర పట్టింది. విశ్రాంతికి గాని, అడుగు పెట్టే చోటు వెతుక్కోవలసిన దారికి గాని, ముందే అలసిన కాళ్ళకు గాని ఆ లెక్కలో చోటు లేదు. ఒకచోట రాతి మీద కూర్చొని ఏడ్చాను నాన్నగారూ. అటుగా వచ్చిన ఒక పెద్దావిడ నేను మడమకు పట్టీ వేసుకునేదాకా నిలబడి, "నాతో మాట్లాడుతూ నడువు, ఆయాసంతో మాట తెగిందంటే నీ శక్తికి మించి నడుస్తున్నట్టే" అన్నారు.

ఆవిడతో నడిచిన ఆ సాయంత్రమే నాకు నడక వచ్చింది. మరునాటినుంచి మొదటి అరగంట కావాలనే మెల్లగా నడిచాను, ఆకలి వేయకముందే గంటకోసారి ఆగి కొంచెం తిన్నాను, మడమ కాస్త వేడెక్కినా వెంటనే బూటు విప్పాను. టిండ్రమ్ నుంచి కింగ్స్‌హౌస్‌కు ఒక్క రోజులో వెళ్ళాలనుకున్నదాన్ని రెండు రోజులు చేసుకున్నాను. ఏడు రోజుల ప్రయాణం ఎనిమిది రోజులైంది అందుకే, ఏదో ప్రమాదం జరిగి కాదు.

ఈ బాటలో అన్నిటికంటే ఎత్తైన చోటు డెవిల్స్ స్టెయిర్‌కేస్, 548 మీటర్లు. పూర్వం సైనికులు వేసిన ఆ మెలికల దారిలో పైకి చూడకుండా, అడుగు చిన్నది చేసి, రెండడుగులకు ఊపిరి పీల్చి రెండడుగులకు వదులుతూ ఒక్కసారి కూడా ఆగకుండా ఎక్కాను. చేతికర్ర రాతికి తగిలే చప్పుడూ నా ఊపిరీ తప్ప ఏమీ వినిపించలేదు. ఇక్కడికి వచ్చాక అంత నెమ్మదిగా మనసు ఉండడం అదే మొదటిసారి.

అన్నట్టు, మోకాలి ఆపరేషనైన వారం తిరక్కుండానే మీరు పంతం పట్టి ఎక్కువ నడిచి వాపు తెచ్చుకున్నారని తమ్ముడు చెప్పాడు. నాకు చాలా బాధ కలిగింది. డాక్టరుగారు చెప్పినంతే నడవండి. అమ్మను వెంటబెట్టుకొని, కబుర్లు చెబుతూ నడవండి. వాపు ఎంత తగ్గిందో మీరు దాస్తారు కనుక, అమ్మ చేత రాయించండి.

మీ అమ్మాయి