గోడ మీది బొమ్మకు పేరు ఉండాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. గత వారం మీ జిల్లా పేజీలో ఒక ఫొటో వేశారు. పట్టణం అందంగా కనిపించడానికి ప్రహరీ గోడలకు బొమ్మలు వేయిస్తున్నారని, ఆ పనులను అధికారులు పరిశీలించారని వార్త. ముందు నిలబడ్డ ఆరుగురి పేర్లూ హోదాలతో సహా రాశారు. వాళ్ల వెనుక నిచ్చెన మీద, మనకు వీపు పెట్టి ఒకతను రంగు వేస్తున్నాడు. అతని పేరు మాత్రం లేదు. నేనూ ఆ నిచ్చెన మీది మనిషినే. కావలిలో ఇరవై ఆరేళ్లుగా కుంచె పట్టుకునే బతుకుతున్నాను. అందుకే ఈ ఉత్తరం.

పదహారో ఏట ట్రంకు రోడ్డులో ఒక సైన్ బోర్డుల దుకాణంలో చేరాను. ఏడాదిన్నర దాకా గురువుగారు నన్ను అక్షరం ముట్టుకోనివ్వలేదు. రేకులకు ప్రైమర్ పూయడం, నీలిపొడి రాసిన దారంతో గీతలు కొట్టడం, సాయంత్రం కుంచెలు కిరోసిన్‌లో కడిగి ఆరబెట్టడం నా పని. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు ఆ దుకాణంలో ఉండగానే పాసయ్యాను. ఆ రోజుల్లో మా చేతి మీదుగా వెళ్లిన ప్రతి బోర్డు కింది మూలలో దుకాణం పేరు చిన్న అక్షరాలతో ఉండేది. దాన్ని చదువుకుని బిట్రగుంట నుంచి, కందుకూరు నుంచి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవారు. వేరే ప్రచారం మాకు ఉండేది కాదు, అవసరమూ పడలేదు.

ఫ్లెక్సీ వచ్చాక ఆ బోర్డులు ఒక్కొక్కటే దిగిపోయాయి. 2022 ఆగస్టులో ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించినప్పుడు అటక మీది రంగు డబ్బాలు దించి చూసుకున్నవాళ్లలో నేనొకణ్ణి. ఇప్పటికీ మా కూడలిలో ఫ్లెక్సీలే వేలాడుతున్నాయి. తోటివారిలో కొందరు ఇళ్లకు సున్నాలు వేస్తున్నారు, ఒకరు ఆటో నడుపుతున్నారు. బొమ్మ వేయడం మానలేనివాళ్లకు మిగిలింది ప్రభుత్వ గోడలే. ప్రభుత్వ బడులను బాగుచేసే ‘మన బడి నాడు-నేడు’ పథకం 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైంది. ఆ తరువాత బడిగోడల పుణ్యమా అని నాకూ కొంతకాలం చేతినిండా పని ఉంది. ఆ మేలును నేను మరచిపోలేదు. పని ఇచ్చే పద్ధతి గురించే నా బాధంతా.

మూడేళ్ల కిందట ఒక పట్టణంలో కార్యాలయం ప్రహరీ మీద ఒంగోలు గిత్తల జతను వేశాను. అరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. సముద్రపు గాలి తగిలే చోట గోడలోని ఉప్పు పైకి తేలి రంగును పొరలు పొరలుగా ఊడదీస్తుంది. కాబట్టి మొదటి రెండు రోజులూ గీకడానికే సరిపోయాయి. పైగా రోహిణి కార్తె. తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి పదింటికల్లా దిగిపోయేవాళ్లం, ఆ తరువాత రంగు గోడకు చేరకముందే కుంచె మీదే ఆరిపోతుంది. గిత్త తెల్లగా ఉంటుందని అందరూ అంటారు గాని, గోడ మీద తెలుపొక్కటే పూస్తే అది సున్నపు ముద్దలా కనిపిస్తుంది. మూపురం మీద, మెడ మీద బూడిద రంగు కలవాలి. గంగడోలు మడతల్లో లేత నీలం పడాలి. అప్పుడే ఎండలో నిలబడ్డ పశువు అవుతుంది. ఐదో రోజున దారిన పోయే ఒక పెద్దాయన సైకిల్ ఆపి చాలాసేపు చూసి, “కొమ్ములు పొడుగయ్యాయి అబ్బయా, మన గిత్తకు కొమ్ము పొట్టి” అన్నారు. నిజమే. ఆయన ఎదుటే బెత్తెడు తగ్గించాను.

చివరి రోజున కుడివైపు అడుగున, గిట్టల నీడలో, అరచేయంత చోట నా పేరూ, నాతో పనిచేసిన అమ్మాయి పేరూ, ఆ సంవత్సరమూ రాశాను. గుత్తేదారు తరఫు మేస్త్రీ వచ్చి, ప్రభుత్వ గోడ మీద ప్రైవేటు వ్యక్తుల పేర్లు ఉండకూడదని దాని మీద రంగు పూయించాడు. ఆ సాయంత్రమే పథకం పేరూ, గుత్తేదారు సంస్థ పేరూ అడుగెత్తు అక్షరాలతో నా చేతే రాయించాడు.

చదరపు అడుగుకు 35 రూపాయల లెక్కన నాకు రావలసింది 21,000. మొదట 5,000 ఇచ్చారు. మిగతా 16,000 మూడు విడతలుగా చేతికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. అడిగినప్పుడల్లా బిల్లు రాలేదన్నారు. కార్యాలయంలో అడిగితే మీ పేరు మా కాగితాల్లో ఎక్కడుందన్నారు. ఏడాది తిరగకముందే ఒక గిత్త మీద సున్నం వేసి ఏదో ప్రకటన రాశారు. ఒక్క ఫోను చేసి ఉంటే వెళ్లి మంచి ఫొటో అయినా తీసుకునేవాణ్ణి.

పేరు కోసం ఇంత పట్టుదలేమిటని మా ఇంట్లోవాళ్లే అడిగారు. నాతో పనిచేసిన ఆ అమ్మాయి ఇప్పుడు సొంతంగా పనులు వెతుక్కుంటోంది. ఇంతవరకు ఏం వేశావని అడిగితే చూపించడానికి ఆమెకు గోడలున్నాయి, అవి తాను వేసినవేనని చెప్పే అక్షరం మాత్రం ఎక్కడా లేదు. బ్రెజిల్‌వాళ్లు మన గిత్తలను సముద్రం దాటించి తీసుకువెళ్లి పెంచుకున్నారు. ఆ జాతిని నేటికీ ‘నెల్లోర్’ అనే పిలుస్తున్నారు. అంత దూరాన పశువుకు దాని ఊరి పేరు నిలిచి ఉండగా, ఇక్కడ దాని బొమ్మ వేసినవారి పేరు ఒక్క పూట కూడా నిలవలేదు.

చట్టం మా పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం చిత్రాన్ని కళాకృతిగా లెక్కించడానికి అది గొప్పదా కాదా అని చూడదు. ఆ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు వేరొకరికి రాసిచ్చిన తరువాత కూడా ఇది నా పని అని చెప్పుకునే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దాన్ని పాడుచేస్తే అడిగే హక్కు కళాకారుడికి ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని, మిగిలిన భాగాలను ఆయనకే అప్పగించాలని తీర్పు చెప్పింది. చదరపు అడుగు లెక్కన బతికే మాలాంటివాళ్లు కోర్టులకు వెళ్లలేం. టెండరు కాగితంలో నాలుగు వాక్యాలు చేరిస్తే ఆ అవసరమే రాదు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు, పురపాలక కమిషనర్లకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. గోడ బొమ్మల పనిని సున్నాల పద్దులో కలపకుండా వేరుగా చూపించండి. వేసినవారి పేర్లు కొలతల పుస్తకంలో రాయించి, డబ్బు నేరుగా వారి ఖాతాలోనే వేయండి. బొమ్మ అడుగున అరచేయంత చోటు వారికి వదలండి. పదిమంది కలిసి వేస్తే ఎవరి పేరు రాయాలని అడుగుతున్నారు. శిలాఫలకం మీద అంతకంటే ఎక్కువ పేర్లే పడుతున్నాయి గదా, పదీ రాయండి. బొమ్మను చెరపవలసి వస్తే నెల రోజుల ముందు కబురు చేయండి.

మీకూ ఒక మనవి. ఈసారి ఇలాంటి వార్తకు వచ్చే విలేకరి, ఫొటో తీశాక నిచ్చెన దగ్గరికి కూడా వెళ్లి, పైన ఉన్న మనిషిని పేరు అడిగి రాసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గోడ చిత్రకారుడు,
కావలి.