బుజ్జిగాడికి తాతయ్య సంగతి చెబుదాం అక్కా

బేసింగ్‌స్టోక్, ఇంగ్లండ్,
ఆదివారం రాత్రి

అక్కా,

నువ్వూ బావగారూ బుజ్జిగాడూ క్షేమమని తలుస్తాను. మేం బాగున్నాం, పాపకి జలుబు తగ్గింది. ఈ మాటలు ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఫోన్ చేస్తే బుజ్జిగాడు నీ పక్కనే ఉంటాడు, ఇది వాడి గురించే.

పాప స్కూల్లో ఎవరో కుందేళ్ళ బొమ్మల సినిమా ఒకటి ఉందని చెప్పారట. పేరు ‘వాటర్‌షిప్ డౌన్’, 1978లో వచ్చింది. ఆ పేరున్న గుట్ట మా ఊరికి దగ్గరే, కారులో అరగంట కూడా పట్టదు. రిచర్డ్ ఆడమ్స్ అనే ఆయన కారు ప్రయాణంలో తన ఇద్దరు కూతుళ్ళకి చెప్పిన కథ అది. 1972లో పుస్తకంగా వచ్చింది. పిల్లలకి చెప్పిన కథే కదా అనుకున్నా, పాపని నిద్రపుచ్చి ముందు నేనొక్కదాన్నే చూశాను. అయిపోయాక చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు.

మొదట్లోనే ఫైవర్ అనే చిన్న కుందేలుకి పొలమంతా నెత్తురు నిండిపోతున్నట్టు కనిపిస్తుంది. జరగబోయేది దానికి ముందే తెలుస్తుంది. అక్కడ ఇళ్ళు కడతామని మనుషులు బోర్డు పాతారు, కుందేళ్ళకి చదవడం రాదు. పెద్ద కుందేలు దాని మాట వినదు. నమ్మినవి కొన్ని చీకట్లో బయల్దేరతాయి. దారిలో ఒకదాన్ని గద్ద తన్నుకుపోతుంది. ఉచ్చు మెడకి బిగిసి ఒకటి నోటి వెంట నెత్తురు కక్కుతుంది. వెనక ఉండిపోయినవి ఏమయ్యాయో బతికి వచ్చినది చెబుతుంది: కన్నాలు పూడ్చేస్తే లోపల ఊపిరాడక ఒకదాని మీద ఒకటి పడి చచ్చిపోయాయి. ఆ బొమ్మలు ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే కనిపిస్తున్నాయి. ఇక్కడి సెన్సారు వాళ్ళు దీనికి అందరూ చూడదగ్గదని ‘యు’ ఇచ్చారు. నలభై ఏళ్ళకు పైగా అదే ఉండి, ఈమధ్యనే పిల్లలకి చూపించాలా వద్దా అని పెద్దలు చూసుకోవాలనే ‘పీజీ’ అయింది. 2016లో ఈస్టర్ రోజున టీవీలో వేస్తే, పిల్లలు హడలిపోయారని తల్లిదండ్రులు గొడవ పెట్టారట.

నన్ను కుదిపింది మాత్రం నెత్తురు కాదక్కా. దారిలో ఒకచోట బాగా బలిసిన కుందేళ్ళు కనిపిస్తాయి. వాటికి రైతే తిండి వేస్తాడు, అతనే ఉచ్చులు పన్నుతాడు. సినిమాలో ఇది తొందరగా అయిపోయింది, అందుకని లైబ్రరీలో పుస్తకం తెచ్చి చదివాను. అక్కడ ఒక కట్టుబాటు ఉంది. ఫలానా కుందేలు ఏదీ, ఎక్కడికెళ్ళింది అని ఎవరూ అడగకూడదు. అడిగితే విననట్టే ఉంటారు. అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఆ పేజీ దగ్గర మన ఇల్లే గుర్తొచ్చింది.

నాన్న పోయి ఏడాది తిరగబోతోంది. బుజ్జిగాడు వీడియోకాల్‌లో ఇప్పటికీ “పిన్నీ, తాతయ్య కాశీ నుంచి ఎప్పుడొస్తారు?” అంటున్నాడు. మొదట్లో రోజూ అడిగేవాడు, ఇప్పుడు ఎప్పుడో ఒకసారి, అదీ గొంతు తగ్గించి. వాడికి ఏడేళ్ళు. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ మాటకి ఎలా ముఖం తిప్పుకుంటున్నారో చూస్తూనే ఉంటాడు. అడగకూడదని వాడు నేర్చుకుంటున్నాడేమో అని నా బాధ.

భయపడతాడని నీ భయం, నాకు తెలుసు. మనం భయపడలేదా? బరంపురంలో ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చిందంటే ఒంటినిండా చారలు పూసుకుని పులి వేషాలు వీధిలోకి దిగేవి. దేశిబెహరా వీధి దగ్గర ఆ జనంలో నాన్న నన్ను భుజాన ఎక్కించుకునేవారు. నేను ఏడ్చేదాన్ని. ఆయన నా కళ్ళు మూసేవారు కాదు, ఇంటికి తీసుకొచ్చేసేవారూ కాదు. “నేనున్నాను, చూడు” అనేవారు. రెండేళ్ళకోసారి వచ్చే ఆ యాత్ర మళ్ళీ ఎప్పుడని ముందుగా అడిగేదాన్ని కూడా నేనే.

ఆవూ పులీ కథ నాన్న ఎన్నిసార్లు చెప్పారో. చివరికి పులి వదిలేస్తుందని తెలిసినా ప్రతిసారీ మనకి ఏడుపొచ్చేది. ఈమధ్య పాపకి అదే చెబుతుంటే ఒక సంగతి తట్టింది. ఆవు దూడ దగ్గరికొచ్చి, మేతకెళ్ళొస్తానని చెప్పదు. పులికి మాటిచ్చానని, ఇక రానని, నిజం చెబుతుంది. పాలిచ్చి, తను లేకపోతే ఎలా మసలుకోవాలో బుద్ధులు చెప్పి అప్పుడు వెళుతుంది. దూడ కంటే మన బుజ్జిగాడు చిన్నవాడా?

సినిమా మొదట్లో లోకం ఎలా పుట్టిందో చెప్పే ఘట్టం ఉంది. అందులో బొమ్మలు వేరే తీరు. మీ పర్లాకిమిడి పైన కొండ ఊళ్ళలో సవరల ఇళ్ళ గోడల మీద చూశామే, అలాంటి సాదా మనుషులు, జంతువులు. అవి పోయిన పెద్దల కోసం వేస్తారని బావగారే చెప్పారు. ఆ ఇళ్ళలో పిల్లలు పోయినవాళ్ళ బొమ్మ ఉన్న గోడ పక్కనే అన్నం తింటారు, ఆడుకుంటారు. సినిమా చివర్లో ముసలిదైపోయిన కుందేలు దగ్గరికి చావు నల్ల కుందేలై వస్తుంది, నీవాళ్ళకి ఏం ఫరవాలేదు, రా అంటుంది. అంత నెత్తురు చూపించినవాళ్ళు దాన్ని ఎంత మెల్లగా చూపించారో. అప్పుడే ఏడ్చాను నేను, నాన్న కోసం, కరువుతీరా.

ఈ సినిమా బుజ్జిగాడికి చూపించమనడం లేదు. పాపకీ ఇప్పుడే చూపించను. పదేళ్ళు దాటాక, మనం పక్కన కూర్చుని చూపించాలి. కానీ నాన్న సంగతి అన్నాళ్ళు ఆగకూడదు. సంవత్సరీకానికి మేం వస్తున్నాం. ఆ రోజు పిండాలు పెడుతుంటే, బంధువులు మాట్లాడుతుంటే వాడికి ఎలాగూ తెలుస్తుంది. పాపకి నేను అప్పుడే చెప్పేశాను. “అన్నయ్యకి ఎందుకు చెప్పలేదు?” అని అడుగుతోంది. వాడికి పరాయివాళ్ళ నోటి నుంచో, చిన్నపిల్ల నోటి నుంచో తెలియకూడదు. మేం రాకముందే, మీ ఇంట్లోనే, నువ్వూ బావగారూ కూర్చోబెట్టుకుని చెప్పండి. తాతయ్య చనిపోయారు, ఇక రారు అని ఆ మాటే వాడండి. వాడు ఏం అడిగినా జవాబు చెప్పండి, ఏడిస్తే ఏడవనీయండి. మీకూ ఏడుపొస్తే ఆపుకోకండి.

అమ్మకి నువ్వే నచ్చజెప్పాలి. కాశీ అన్నది అమ్మే, ఆ రోజు తనకి ఇంకేం తోచలేదు పాపం, తప్పు పట్టొద్దు. బావగారు ఏమన్నారో, వాడు పడుకున్నాక ఫోన్ చేసి చెప్పు. ఇక్కడ అప్పటికి సాయంత్రమే, మెలకువగానే ఉంటాను. వచ్చేటప్పుడు అమ్మ మోకాళ్ళకి పట్టీలు తెస్తున్నాను, కొలత పంపించు.

నీ చెల్లి