కాపీ చేస్తే హెడింగులు, పట్టికలు ఎందుకు పోతున్నాయి? – తల్లిదండ్రులకు లేఖ

తల్లిదండ్రులకు నమస్కారం.

స్క్రీన్ రీడర్‌తో (తెర మీది మాటలను చదివి వినిపించే ప్రోగ్రాముతో) చదువుకునే మన పిల్లలు వెబ్‌పేజీల నుంచి సమాచారం తీసుకుని నోట్సులు, ప్రాజెక్టులు తయారు చేస్తున్నారు. వాటిలో ఒకే లోపం పదే పదే ఎదురవుతోంది. హెడింగులు ఉండవు. పట్టిక చెదిరిపోయి ఒక్కో గడి ఒక్కో వరుసలో నిలువుగా పడి ఉంటుంది. లింకులు నొక్కినా తెరుచుకోని వట్టి మాటలుగా మిగులుతాయి. చూసేవారికి ఇది అజాగ్రత్తలా అనిపిస్తుంది, కానీ అజాగ్రత్త కాదు. పిల్లలు సెలెక్ట్ చేసింది సరైన భాగమే, నొక్కింది సరైన కీలే. అయినా క్లిప్‌బోర్డ్‌లోకి, అంటే కాపీ చేసింది పేస్ట్ చేసేదాకా నిలిచే చోటికి, ఉత్త అక్షరాలే వస్తున్నాయి. కంప్యూటర్ దగ్గర ఓ అరగంట కూర్చుంటే సరిదిద్దుకోగల విషయం కాబట్టి ఈసారి లేఖంతా దీనికే కేటాయిస్తున్నాం.

ముందుగా, ఇది అందచందాల గొడవ కాదని చెప్పాలి. చూపు ఉన్నవారు పది పేజీల నోట్సును కంటితో గబగబా తిరగేసి కావలసిన చోట ఆగుతారు. స్క్రీన్ రీడర్ వాడేవారికి ఆ పని చేసిపెట్టేవి హెడింగులే. హెచ్ కీ నొక్కితే ఒక హెడింగ్ నుంచి మరో హెడింగ్‌కి దూకవచ్చు. హెడింగులు పోతే పరీక్ష ముందు రోజు కూడా మొదటి వాక్యం నుంచి వింటూ రావలసిందే. పట్టిక సంగతి ఇంకా కష్టం. 5 నిలువు వరుసలు, 20 అడ్డు వరుసలు ఉన్న పట్టిక 100 విడి వరుసలుగా మారితే ఏ అంకె దేనికి చెందిందో ఎవరికీ తెలియదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఘాతాంకం, అంటే సంఖ్య పక్కన పైన చిన్నగా రాసే అంకె. పేజీలో 10⁵ అని ఉన్నది ఉత్త అక్షరాలుగా మారితే 105 అవుతుంది. 2³ కాస్తా 23 అవుతుంది. పైన చిన్నగా కనిపించే ఆ అంకె చాలా పేజీల్లో మామూలు అంకే. దాన్ని పైకి ఎత్తి చూపించేది ఫార్మాటింగ్ మాత్రమే కాబట్టి ఫార్మాటింగ్ పోగానే అంకె కిందకు దిగిపోతుంది. కొన్ని పేజీల్లో ఘాతాంకాన్ని ప్రత్యేక అక్షరంగానే టైపు చేసి ఉంచుతారు, అవి చెక్కుచెదరకుండా వస్తాయి. ఏ పేజీలో ఏ పద్ధతి ఉందో వింటే తెలియదు. పైగా ఘాతాంకాలను ప్రకటించే సెట్టింగ్ ఆపి ఉంటే స్క్రీన్ రీడర్ అసలు పేజీలోనూ తేడా చెప్పదు. ఎన్వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వాడేవారు ఎన్వీడీఏ కీ (మామూలుగా ఇన్సర్ట్)+కంట్రోల్+డి నొక్కి, డాక్యుమెంట్ ఫార్మాటింగ్ సెట్టింగుల్లో సూపర్‌స్క్రిప్ట్, సబ్‌స్క్రిప్ట్ గడికి టిక్ పెట్టుకోవాలి. లెక్కలు, సైన్సు చదివే ప్రతి బిడ్డ కంప్యూటర్‌లోనూ ఇది ఈ వారమే జరగాలని మా కోరిక.

ఎందుకిలా జరుగుతుంది?

స్క్రీన్ రీడర్ వెబ్‌పేజీని నేరుగా తెర మీద చదవదు. బ్రౌజర్ దగ్గర పేజీ నిర్మాణం తీసుకుని, బాణం కీలతో వరుసగా చదవడానికి వీలుగా తనదైన ఒక ప్రతిని తయారు చేసుకుంటుంది. ఎన్వీడీఏలో దాన్ని బ్రౌజ్ మోడ్ అంటారు, జాస్ అనే మరో స్క్రీన్ రీడర్‌లో వర్చువల్ కర్సర్ అంటారు. బిడ్డ షిఫ్ట్ పట్టుకుని బాణం కీలతో సెలెక్ట్ చేస్తున్నప్పుడు ఎన్వీడీఏ మామూలుగా సెలెక్ట్ చేసేది ఆ ప్రతిలోనే. అసలు పేజీలో ఏమీ సెలెక్ట్ కాలేదు. అప్పుడు కంట్రోల్+సి నొక్కితే ఆ ప్రతిలోని మాటలే వెళ్తాయి.

అదే బ్రౌజర్ స్వయంగా కాపీ చేస్తే క్లిప్‌బోర్డ్‌లో ఒకే విషయం రెండు రూపాల్లో చేరుతుంది: ఒకటి ఉత్త అక్షరాలు, రెండోది హెడింగులూ పట్టికలూ లింకులతో కూడిన హెచ్‌టీఎంఎల్, అంటే వెబ్‌పేజీలు రాసే రూపం. వర్డ్‌లో పేస్ట్ చేసేటప్పుడు వర్డ్ ఆ రెండో రూపాన్ని తీసుకుంటుంది. కాబట్టి చేయవలసిందల్లా ఒక్కటే, కాపీ పని బ్రౌజర్ చేతికి అప్పగించడం.

చూపు ఉన్న తల్లిదండ్రులు దీన్ని ఒక్క చూపులో పట్టుకోవచ్చు. బిడ్డ సెలెక్ట్ చేస్తున్నప్పుడు తెర వైపు చూడండి. మాటల మీద నీలిరంగు పరుచుకుంటే బ్రౌజర్ సెలెక్ట్ చేస్తున్నట్టు. స్క్రీన్ రీడర్ "సెలెక్టెడ్" అని చెబుతున్నా తెర మీద ఏ మార్పూ లేకపోతే వెళ్లేది ఉత్త అక్షరాలే. మీరూ స్క్రీన్ రీడర్ వాడేవారైతే వర్డ్‌లో పేస్ట్ చేశాక చేసే పరీక్ష కింద రాశాం.

ఎన్వీడీఏతో

ఎన్వీడీఏ ఉచితం, మన పిల్లల్లో చాలామంది ఇళ్లలో ఉన్నదీ అదే. 2024.1 వెర్షన్ నుంచి ఇందులో నేటివ్ సెలెక్షన్ మోడ్ అనే సౌకర్యం ఉంది; ఇది ఆన్‌లో ఉంటే సెలెక్షన్ బ్రౌజర్‌లోనే జరుగుతుంది. మీ దగ్గర అంతకన్నా పాతది ఉంటే ముందు అప్‌డేట్ చేయండి. ఈ సౌకర్యం మొదట వచ్చింది ఫైర్‌ఫాక్స్‌కే, నేర్చుకునేటప్పుడు ఫైర్‌ఫాక్స్‌తో మొదలుపెట్టడమే మేలు.

పేజీ తెరిచి, హెచ్ కీతో కావలసిన హెడింగ్ దగ్గరకు వెళ్లాలి. ఎన్వీడీఏ+షిఫ్ట్+ఎఫ్10 నొక్కితే నేటివ్ సెలెక్షన్ మోడ్ ఆన్ అయిందని వినిపిస్తుంది. తర్వాత షిఫ్ట్+కింది బాణంతో వరుస వరుసగా, లేదా కంట్రోల్+షిఫ్ట్+కింది బాణంతో పేరా పేరాగా సెలెక్ట్ చేయాలి. ఎంతవరకు వచ్చిందో వినాలంటే డెస్క్‌టాప్ కీబోర్డ్ అమరికలో ఎన్వీడీఏ+షిఫ్ట్+పై బాణం, ల్యాప్‌టాప్ అమరికలో ఎన్వీడీఏ+షిఫ్ట్+ఎస్. అప్పుడు కంట్రోల్+సి.

ఇక్కడ చిక్కులు ఎక్కువగా ఎఫ్10 దగ్గరే వస్తాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ కీ శబ్దాన్నో తెర వెలుగునో మార్చే కీగా ఉంటుంది. అలాంటప్పుడు ఎఫ్ఎన్ కీ కూడా కలిపి నొక్కాలి. ఎన్వీడీఏ కీని ముందే వదిలేస్తే మిగిలేది షిఫ్ట్+ఎఫ్10, దానితో రైట్ క్లిక్ మెనూ తెరుచుకుంటుంది. ఎస్కేప్ నొక్కి మళ్లీ ప్రయత్నించాలి. ఇన్సర్ట్ కీ లేని కీబోర్డులకు, ఎన్వీడీఏ కీబోర్డ్ సెట్టింగుల్లో క్యాప్స్ లాక్‌ను ఎన్వీడీఏ కీగా పెట్టుకోవచ్చు. కొత్త పేజీ తెరిచినప్పుడల్లా మోడ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి.

సెలెక్షన్ మొదలూ చివరా ఒక్కోసారి ఒకటి రెండు మాటలు అటూ ఇటూ అవుతాయి. అందుకే సగం వాక్యం కాకుండా పూర్తి పేరా, పూర్తి పట్టిక తీసుకుని, అక్కర్లేనిది వర్డ్‌లో తీసేయడం నయం.

కొందరు పిల్లలకు ఎన్వీడీఏ+ఎఫ్9తో మొదలు గుర్తు పెట్టి, చివరికి వెళ్లి ఎన్వీడీఏ+ఎఫ్10 రెండుసార్లు నొక్కి కాపీ చేయడం అలవాటు. చాలా చురుకైన పద్ధతే, మానమని చెప్పం. కానీ దానితో వచ్చేది ఉత్త అక్షరాలు మాత్రమే. ఒక నిర్వచనమో, ఒక వాక్యమో తీసుకోవడానికి దాన్ని ఉంచుకోవాలి.

నేటివ్ సెలెక్షన్ ఆ పేజీలో పనిచేయదని ఎన్వీడీఏ చెబితే ఇంకో దారి ఉంది. ఎన్వీడీఏ+ఎఫ్2 నొక్కితే, తర్వాత నొక్కే కీని స్క్రీన్ రీడర్ పట్టుకోకుండా బ్రౌజర్‌కు వదిలేస్తుంది. ఎన్వీడీఏ+ఎఫ్2, వెంటనే కంట్రోల్+ఎ. మళ్లీ ఎన్వీడీఏ+ఎఫ్2, వెంటనే కంట్రోల్+సి. రెండోసారి ఎఫ్2 మరిచిపోవడమే ఇందులో జరిగే పొరపాటు. ఈ దారిలో పేజీ మొత్తం, అంటే మెనూలు, ప్రకటనలతో సహా వస్తుంది. అందుకే ముందుగా రీడర్ వ్యూలోకి వెళ్లడం మంచిది. విండోస్‌లో ఫైర్‌ఫాక్స్‌లోనైనా, ఎడ్జ్‌లోనైనా వ్యాసం పేజీ మీద ఎఫ్9 నొక్కితే వ్యాసం ఒక్కటే మిగులుతుంది. కొన్నిసార్లు పట్టికలు, బొమ్మలు కూడా ఆ వడపోతలో పోతాయి. పట్టిక ముఖ్యమైతే అసలు పేజీ నుంచే తీసుకోవాలి.

జాస్‌తో, మ్యాక్‌తో, ఫోన్‌తో

జాస్‌లో ఇది ఒక్కసారి చేసుకునే సెట్టింగ్. వెబ్‌పేజీలో ఉండగా ఇన్సర్ట్+వి నొక్కితే క్విక్ సెట్టింగ్స్ తెరుచుకుంటాయి. వెతికే గడిలో "సెలెక్ట్" అని ఇంగ్లీషులో టైపు చేస్తే సెలెక్ట్, కాపీ విధానానికి సంబంధించిన అంశం దొరుకుతుంది. అందులో రెండు ఎంపికలు: వర్చువల్ కర్సర్ నుంచి తీసుకోవడం, తెర మీది హైలైట్‌తో పూర్తి కంటెంట్ తీసుకోవడం. మనకు కావలసింది రెండోది. పొడవైన భాగానికి షిఫ్ట్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. మొదట్లో కంట్రోల్+విండోస్+కె తో గుర్తు పెట్టి, చివరికి వెళ్లి ఇన్సర్ట్+స్పేస్, తర్వాత ఎం నొక్కితే మధ్యదంతా సెలెక్ట్ అవుతుంది.

మ్యాక్‌లో దానితోనే వచ్చే స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ వాడేవారు మొదలు దగ్గర కంట్రోల్+ఆప్షన్+రిటర్న్, చివర మళ్లీ అదే నొక్కి, కమాండ్+సి తో కాపీ చేయాలి. కంట్రోల్+ఆప్షన్+షిఫ్ట్+సి అనేది చివరగా పలికిన మాటను మాత్రమే కాపీ చేస్తుంది, దాన్నీ దీన్నీ కలపకూడదు.

ఫోన్‌ను నాలుగు వరుసలకు మించి ఈ పనికి వాడకండి. ముఖ్యంగా ఫోన్‌లో కాపీ చేసి వాట్సాప్ సందేశంగా కంప్యూటర్‌కు పంపుకోవడం వద్దు. ఆ దారిలో హెడింగులు, పట్టికలు మిగలవు. పేజీ లింకు పంపుకుని కంప్యూటర్‌లోనే తెరవాలి.

పేస్ట్ చేసేటప్పుడు

కాపీ సరిగ్గా జరిగినా పేస్ట్ దగ్గర పోగొట్టుకోవచ్చు. వర్డ్‌లో ఆల్ట్+హెచ్, తర్వాత వి నొక్కితే పేస్ట్ ఎంపికలు వస్తాయి. కె నొక్కితే పేజీలోని ఫార్మాటింగ్ యథాతథంగా వస్తుంది. ఎం నొక్కితే మన డాక్యుమెంట్ ఫాంటులోకి మారి, బోల్డ్, జాబితాలు, పట్టికలు నిలుస్తాయి. టి అంటే ఉత్త అక్షరాలు. హెడింగులు ముఖ్యమైనప్పుడు కె ఎంచుకోవాలి. ఎంత చేసినా ఉత్త అక్షరాలే వస్తుంటే వర్డ్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ విభాగం తెరిచి, వేరే ప్రోగ్రాముల నుంచి పేస్ట్ చేసేటప్పుడు ఏ పద్ధతి వాడాలన్న చోట ఏముందో చూడండి. ఎవరో ఎప్పుడో "టెక్స్ట్ ఓన్లీ" అని పెట్టి వదిలేసి ఉండవచ్చు.

కె తో ఒక ఇబ్బంది ఉంది. నల్లటి నేపథ్యం మీద తెల్ల అక్షరాలున్న పేజీ నుంచి తెచ్చినప్పుడు అక్షరాల తెలుపు కూడా వెంట రావచ్చు. తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు! స్క్రీన్ రీడర్ అన్నీ చక్కగా చదువుతుంది కాబట్టి బిడ్డకు అనుమానమే రాదు, టీచరుకు మాత్రం ఖాళీ పేజీ కనిపిస్తుంది. పేస్ట్ చేసిన భాగాన్ని సెలెక్ట్ చేసి కంట్రోల్+స్పేస్ నొక్కితే ఇలా విడిగా అంటుకున్న రంగులు పోతాయి. దానితో బోల్డ్, ఘాతాంకాలు కూడా పోతాయి కాబట్టి అవి లేని భాగాలకే వాడాలి. అవి ఉన్నచోట ఫాంట్ రంగును మాత్రమే మార్చుకోవాలి.

క్లిప్‌బోర్డ్‌లో ఏముందో ఎన్వీడీఏ+సి చదివి వినిపిస్తుంది కానీ ఫార్మాటింగ్ ఉందో లేదో చెప్పదు. నిజమైన పరీక్ష వర్డ్‌లోనే జరగాలి. ఎన్వీడీఏ+ఎఫ్7 నొక్కి హెడింగుల జాబితా తెరిస్తే పేజీలో విన్న హెడింగులే అక్కడ ఉండాలి. జాస్‌లో ఇన్సర్ట్+ఎఫ్6. పట్టికలోకి వెళ్లి కంట్రోల్+ఆల్ట్+బాణం కీలతో గడి నుంచి గడికి కదలాలి. కదిలితే పట్టిక నిజమైన పట్టికే. అంకెలున్న చోట ఎన్వీడీఏ+ఎఫ్ నొక్కి ఘాతాంకం నిలిచిందో లేదో వినాలి. ఒకటి రెండు హెడింగులు తప్పిపోతే మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు, ఆ వరుస మీద కంట్రోల్+ఆల్ట్+1, 2 లేదా 3 నొక్కితే ఆ స్థాయి హెడింగ్ అవుతుంది. బ్రెయిలీలో ముద్రించే నోట్సుకు ఇది మరీ అవసరం. డక్స్‌బరీ లాంటి బ్రెయిలీ అనువాద సాఫ్ట్‌వేర్ వర్డ్‌లోని హెడింగ్ స్టైళ్లను చూసే బ్రెయిలీ పేజీలో హెడింగ్‌ను అమరుస్తుంది. లావుగా, పెద్దగా చేసిన వరుసను అది హెడింగ్‌గా గుర్తించదు.

బొమ్మగా పెట్టిన సూత్రాలు ఏ పద్ధతిలోనూ అక్షరాలుగా రావు. అలాంటివి తగిలితే పేజీ లింకుతో పాటు సబ్జెక్టు టీచరుకు పంపండి, టైపు చేసి ఇస్తారు. ఎక్కడి నుంచి తీసుకున్నా కంట్రోల్+ఎల్, కంట్రోల్+సి తో పేజీ చిరునామా కాపీ చేసి నోట్సు చివర తేదీతో పెట్టించండి.

ఒక విన్నపం. తొందరలో మౌస్ అందుకుని మీరే కాపీ చేసి ఇవ్వకండి. మొదటి రెండు మూడుసార్లు పది నిమిషాలు ఎక్కువ పట్టినా కీలు బిడ్డే నొక్కాలి; మీరు పక్కన కూర్చుని తెర మీద నీలిరంగు పడిందో లేదో చెబితే చాలు.

ఈ పద్ధతులు పిల్లలకు అలవాటయ్యేదాకా చెదిరిన పట్టికకు, లేని హెడింగ్‌కు మార్కులు తగ్గించవద్దని టీచర్లకు చెప్పాం. ఘాతాంకం తప్పుగా వస్తే కూడా టీచరు ముందు అసలు పేజీ తెరిచి చూసి, ఆ తర్వాతే దిద్దుతారు. పైన చెప్పినవన్నీ చేసినా ఏదైనా పేజీ లొంగకపోతే, ఆ పేజీ లింకు, స్క్రీన్ రీడర్ పేరు, వెర్షన్, బ్రౌజర్ పేరు ఈ నాలుగూ రాసి బిడ్డ డైరీలో పంపండి. కంప్యూటర్ ల్యాబ్‌లో అదే పేజీ తెరిచి బిడ్డతోనే చేయించి చూస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు