ఆ ఎఫ్‌ఐఆర్‌లో నిందితుడు ఎవరు?

తెలంగాణ రాష్ట్ర హోం మంత్రి గారికి,

నమస్కారం. ముందు నా తప్పు ఒప్పుకుంటాను. 2019 డిసెంబర్ 6 పొద్దున మా వీధి చివర టీకొట్టు దగ్గర ఎవరో లడ్డూలు పంచుతుంటే నేనూ ఒకటి తీసుకుని తిన్నాను. దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురినీ చటాన్‌పల్లి దగ్గర కాల్చేశారని టీవీలో వస్తోంది. జనం పోలీసుల మీద పూలు చల్లుతున్నారు. ఆ అమ్మాయికి జరిగిన ఘోరం తలుచుకుంటే నాకప్పుడు ఇంకో ఆలోచనే రాలేదు.

ఆ కాల్పులపై సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. చంపాలనే కాల్చారని, తుపాకులు లాక్కున్నారన్న పోలీసుల మాట నమ్మేలా లేదని, పోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని అందులో ఉంది. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలంది. మరి ఆ నలుగురే నేరం చేశారా అంటే, ఏ కోర్టూ తేల్చలేదు. ఇక తేలదు కూడా.

అంతకుముందు ఆలేరు. 2015 ఏప్రిల్ 7న వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న ఐదుగురు విచారణ ఖైదీలను దారిలో వ్యానులోనే కాల్చారు. ఆయుధాలు లాక్కోబోయారని అప్పుడూ చెప్పారు. మరుసటి రోజు ఫొటోల్లో సీట్లలో ఒరిగిపోయిన ఆ మనుషుల చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి.

నేను కొత్త చట్టం అడగడం లేదు. ఆత్మరక్షణ కోసం ఎదుటివాణ్ని చంపే హక్కు చట్టంలో ఉంది. అది పోలీసుకు ఎంతో నాకూ అంతే. నేను చంపితే నా మీద హత్య కేసు పెడతారు, ప్రాణం కాపాడుకోవడానికే చేశానని కోర్టులో నేనే చూపించుకోవాలి. పోలీసు చంపినా అంతేనని 2009 ఫిబ్రవరిలో మన ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు ఐదుగురు జడ్జీల బెంచి చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆపేసి, 2014లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ వేసిన కేసులో వేరే నియమాలు ఇచ్చింది. ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి, దర్యాప్తు సీఐడీయో వేరే స్టేషన్ పోలీసులో చేయాలి, వెంటనే ప్రమోషన్లు, పతకాలు ఇవ్వకూడదు. అంతా బాగానే ఉంది. కానీ ఎఫ్‌ఐఆర్ ఎవరి మీద రాయాలో గట్టిగా చెప్పలేదు.

ఆ సందులోంచే మొత్తం జారిపోతోంది. చచ్చినవాడి మీదే పోలీసులపై హత్యాయత్నం కేసు రాస్తారు. నిందితుడు మరణించినందున కేసు మూసివేత అని తర్వాత ఇంకో కాగితం. మనిషిని చంపిన కేసులో చంపినవాళ్లు ఫిర్యాదుదారులు, శవం ముద్దాయి!

మీరు ఒక్క జీవోతో దీన్ని సరిచేయవచ్చు. పోలీసు కాల్పుల్లో మనిషి పోతే, చచ్చినవాడి మీద పెట్టే కేసుతో సంబంధం లేకుండా, ఆ చావు మీద విడిగా హత్య కేసు నమోదు చేయాలని రాయించండి. అలాగే 2014 జూన్ 2 నుంచి జరిగిన ప్రతి ఎన్‌కౌంటర్ ఎఫ్‌ఐఆర్‌నూ వచ్చే శాసనసభ సమావేశంలో సభ ముందు పెట్టండి. నిందితుడు అన్న చోట ఎవరి పేరుందో మేమూ చూస్తాం.

ఇట్లు,
ఆ రోజు లడ్డూ తిన్న ఒక పౌరుడు