అసెస్‌మెంట్ క్యాంపుకి వెళ్లే ముందు

అందరికీ నమస్కారమండి. వైకల్యం ఉన్న పిల్లల్ని పరీక్షించే క్యాంపులో పోయినేడాది మా బాబుని చూసింది ఐదు నిమిషాలే. ఆ జనానికి, మైకు గోలకి వాడు చెవులు మూసుకుని నా కొంగు వదల్లేదు. ‘మాటలు రావు’ అని రాసేశారు. ఇంట్లో ‘అమ్మా, నీళ్లు’ అని వాడే అడుగుతాడు!

అందుకే ఈసారి ఓ వారం ముందు నుంచే రాసిపెట్టుకోండి. పిల్లలు అన్నం తామే తింటున్నారా, చొక్కా గుండీలు ఎక్కడిదాకా పెట్టుకోగలరు, ఎప్పుడు చెయ్యి అందించాలి... ఫోన్‌లో చిన్న వీడియోలూ తీయండి. భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే కేంద్రం) టీచర్‌కి ముందే చూపించండి.

సర్టిఫికెట్‌లోని వైకల్య శాతం పింఛనుకి పనికొస్తుంది గానీ, క్లాసులో పిల్లలకి ఏ సాయం కావాలో చెప్పదు. అది విడిగా రాయించుకోండి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉంటే 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇచ్చిన హక్కు. మొహమాటపడకుండా అడగండి.