బ్రేకులు కీచుమంటున్నాయన్న మా చిన్నబ్బాయికి

చిరంజీవి చిన్నబ్బాయికి అమ్మ ఆశీస్సులు.

బ్రేకు వేసినప్పుడల్లా కారు కీచుమంటోందనీ, చూపిస్తే నాలుగు చక్రాలకూ ప్యాడ్లు, డిస్కులు అన్నీ మార్చాలన్నారనీ, అంత డబ్బు ఇప్పుడు లేదు కాబట్టి కొన్నాళ్లు ఆగుతాననీ ఫోనులో చెప్పావు. ఆగుతానన్న మాట దగ్గరే నా మనసు చిక్కుకుపోయింది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు వాయిదా వేయదగిన పనులు చాలా ఉన్నాయి. ఇది వాటిలో చేరదు. ఇవాళ ప్యాడ్లతో పోయే ఖర్చు, ఆలస్యమైతే డిస్కుల దాకా పాకుతుంది.

ఎందుకో చెబుతాను. డిస్కు అంటే చక్రంతోపాటు తిరిగే ఇనుప పళ్లెం. దాన్ని రెండు వైపులా నొక్కి ఆపేవి ప్యాడ్లు. ప్యాడు అంటే ఇనుప పలక మీద అతికించిన రాపిడి పదార్థం. కొత్తగా ఉన్నప్పుడు దాని మందం సాధారణంగా 10 నుంచి 12 మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా ప్యాడ్లకు పక్కన చిన్న రేకు ముక్క ఒకటి ఉంటుంది. పదార్థం అరిగి రెండు మూడు మిల్లీమీటర్లకు వచ్చేసరికి ఆ రేకు తిరిగే డిస్కుకు తగిలి కీచుమంటుంది. హెచ్చరిక కోసమే దాన్ని అక్కడ పెట్టారు. ఆ దశలో డిస్కు చాలావరకు బాగానే ఉంటుంది, ప్యాడ్లు మారిస్తే సరిపోతుంది. పట్టించుకోకుండా నడిపితే పదార్థం పూర్తిగా పోయి, ఇనుప పలకే డిస్కును గీరడం మొదలుపెడుతుంది. అప్పుడు కీచుమనే శబ్దం గరగరగా మారుతుంది, డిస్కు మీద గాళ్లు పడతాయి, కారు ఆగడానికి పట్టే దూరం పెరుగుతుంది. నీకు ఇప్పటికే గరగర వినిపిస్తుంటే ఈ ఉత్తరం ఇక్కడే ఆపి, కారును నడపకుండా పక్కన పెట్టు.

వానలో తడిసి రాత్రంతా నిలబడిన కారు పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు శబ్దం చేయడం మామూలే. డిస్కు మీద పట్టిన పలుచని తుప్పు రాలిపోగానే అది ఆగిపోతుంది. నీది రోజంతా వస్తోందన్నావు కాబట్టి చక్రం విప్పి చూడాల్సిందే. చక్రం సందుల్లోంచి టార్చి వేస్తే బయటి ప్యాడు కనబడుతుంది కానీ దాన్ని చూసి నిర్ణయానికి రాకు. ప్యాడ్లను పట్టుకుని డిస్కుకు నొక్కే భాగమైన క్యాలిపర్ జారే పిన్నులు బిగుసుకుపోతే రెండు ప్యాడ్లలో ఒకటి, చాలాసార్లు లోపలిది, ముందే అరిగిపోతుంది. అలా ఒకటి బాగా అరిగి, రెండోది నిండుగా కనిపిస్తే ముందు ఆ పిన్నుల సంగతి చూడాలి. లేకపోతే కొత్త ప్యాడ్లు కూడా అంతే త్వరగా పోతాయి. ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఇక నాలుగు చక్రాలూ అన్న మాట. బ్రేకు వేసినప్పుడు బండి బరువు ముందుకు వాలుతుంది. అందుకే ఎక్కువ భారం ముందు బ్రేకుల మీద పడి, సాధారణంగా అవే ముందు అరుగుతాయి. నాలుగూ ఒకేసారి పోవడం అసాధ్యం కాదు, కానీ కొలతలు చూపకుండా ఆ మాట అంటే ఒప్పుకోవద్దు. ప్రతి ప్యాడు మీద ఎన్ని మిల్లీమీటర్లు మిగిలిందో, డిస్కు మందం ఎంతో, దాని కనిష్ఠ మందం ఎంతో మర్యాదగానే అడుగు. పని తెలిసిన మెకానిక్ ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు. ప్యాడు మూడు మిల్లీమీటర్లకు వస్తే కొత్తవి తెచ్చుకోవాలి, రెండుకు వస్తే ఇక నడపకూడదు. ఐదారు ఉంటే ఇంకా కొంతకాలం నడుస్తుంది.

డిస్కు కనిష్ఠ మందం చాలావాటికి దాని మీదే, అంచున గానీ మధ్య భాగంలో గానీ, 'మిన్ టీహెచ్' అన్న అక్షరాల పక్కన మిల్లీమీటర్లలో అచ్చు వేసి ఉంటుంది. కొత్తగా 22 మిల్లీమీటర్లు ఉన్న డిస్కుకు 20 అని ఉండవచ్చు. చూశావా, అరగడానికి వీలున్నది రెండే మిల్లీమీటర్లు! అందుకే కంటితో చూసి చెప్పే మాట నమ్మదగినది కాదు. కొలిచేటప్పుడు అంచున అరగకుండా మిగిలిన గట్టును వదిలేసి, ప్యాడు రాసుకునే చోట మైక్రోమీటరుతో నాలుగైదు తావుల్లో కొలవాలి. మందం కనిష్ఠానికి బాగా పైనే ఉండి, పగుళ్లు, లోతైన గాళ్లు, వేడికి కమిలిన నీలిమచ్చలు లేకపోతే పాత డిస్కులనే ఉంచుకోవచ్చు. నీ ఖర్చులో పెద్ద ముక్క తగ్గేది ఇక్కడే.

బ్రేకు వేస్తే పెడల్ కాలికింద అదురుతుంటే డిస్కు మందం అంతటా సమంగా లేదని అనుమానించాలి. లేత్ మీద పట్టించి సమం చేయవచ్చు, కానీ పట్టించాక కూడా మందం కనిష్ఠానికి పైనే ఉండాలి. లేత్ కూలీ కొత్త డిస్కు ధరకు దగ్గరగా ఉంటే కొత్తదే తీసుకో. రెండు ధరలూ అడిగాకే తేల్చుకో. ప్యాడ్లైనా డిస్కులైనా ఒకే ఇరుసు మీది రెండు చక్రాలకూ కలిపి మార్చాలి. ఒకవైపే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

సరుకు విషయంలో మాత్రం అతి చవకకు పోవద్దు. వేగం రెట్టింపైతే బ్రేకులు వేడిగా మార్చి వదలాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. నకిలీ ప్యాడ్లు ఆ వేడికి పట్టు వదిలేస్తాయి. అలాగని ఖరీదైనవే కొననక్కరలేదు. కారు కంపెనీ పెట్టెలో వచ్చే ప్యాడును కూడా చాలాసార్లు వేరొక బ్రేకుల తయారీ సంస్థే చేసి ఇస్తుంది. అదే సంస్థ తన పేరుతో అమ్మే ప్యాడు తక్కువకు దొరుకుతుంది, నీకు అది చాలు. పలక మీద వృత్తంలో 'ఈ' అక్షరం, దాంతోపాటు 'ఆర్90' గుర్తు ఉంటే ఐక్యరాజ్యసమితి ప్రమాణం ప్రకారం పరీక్షించినదని అర్థం. కొన్నిటి మీద 'ఎఫ్ఎఫ్', 'జీజీ' వంటి జంట అక్షరాలు ఉంటాయి. ఆ జంటలో మొదటి అక్షరం మామూలు వేడిలో, రెండో అక్షరం బాగా కాలినప్పుడు ఉండే రాపిడి స్థాయిని చెబుతుంది. రెండో అక్షరం మొదటిదానికన్నా తక్కువ రాపిడిని చెబితే, అంటే ఇంగ్లీషు అక్షరాల వరుసలో దానికన్నా ముందు వచ్చేదైతే, నేనైతే కొనను. రంధ్రాలు, గీతలు వేసిన అందమైన డిస్కులు రోజువారీ ప్రయాణానికి అక్కరలేదు. పాత బండి నుంచి తీసిన ప్యాడ్లు ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

కూలీ డబ్బు మిగుల్చుకోవడానికి నువ్వే మారుస్తానంటే నేను కాదనను, ముందు చక్రాల ప్యాడ్లు మార్చడం ఓపిక ఉన్నవాళ్లకు అందే పనే. కాకపోతే మొదటిసారి, ఇదివరకు చేసినవాళ్లను పక్కన ఉంచుకో. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కింద చేయి పెట్టకు. చదునైన నేల మీద, వెనక చక్రాలకు అడ్డు పెట్టి, స్టాండు మీద బండిని ఆనించాకే చక్రం తియ్యి. ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు విప్పు, ఏది ఎక్కడ ఉండాలో అనుమానం వస్తే చూసుకోవడానికి విప్పనిది ఒకటి మిగులుతుంది. విప్పిన క్యాలిపర్‌ను దాని గొట్టానికి వేలాడదీయకుండా తీగతో కట్టు. క్యాలిపర్‌లో ప్యాడును నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టేటప్పుడు పైన డబ్బాలో బ్రేక్ ఆయిల్ పొంగుతుందేమో గమనించు, అది పడితే కారు రంగు పోతుంది. పిన్నులకు బ్రేకుల కోసమే చేసిన గ్రీజు రాయి. మామూలు గ్రీజు తగిలితే రబ్బరు ఉబ్బిపోతుంది. కొత్త డిస్కు వేస్తే, అది కూర్చునే హబ్, అంటే చక్రం బిగించే మధ్య భాగం, మీది తుప్పును తీగ బ్రష్షుతో గీకు, డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడువు. బ్రేకుల దుమ్మును ఊదవద్దు, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు.

అన్నీ బిగించాక, బండి కదిలించేముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కుతూ ఉండు. నాన్నా, ఇది మాత్రం మరిచిపోవద్దు. పిస్టన్ వెనక్కి వెళ్లి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడుకు పెడల్ నేలదాకా పోతుంది, బ్రేకు పడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్ల వేగం నుంచి పదికి, పూర్తిగా ఆపకుండా, ఎనిమిది పదిసార్లు నెమ్మదిగా తగ్గించి, ఆపైన బ్రేకులను చల్లారనివ్వు. అలా చేస్తే ప్యాడు పదార్థం డిస్కు మీద సమంగా పట్టుకుంటుంది.

వెనక చక్రాలను మాత్రం మెకానిక్‌కే వదిలెయ్యి. కొన్ని కార్లలో ఆ పిస్టన్‌ను తిప్పుతూ లోపలికి పంపాలి, బటన్‌తో పనిచేసే హ్యాండ్ బ్రేక్ ఉంటే మోటారును ముందుగా సర్వీసు స్థితిలో పెట్టాలి. బలవంతంగా నెడితే అదొక కొత్త ఖర్చు.

ఈ ఆదివారం ముందు చక్రాలు రెండూ విప్పించి, లోపలి, బయటి ప్యాడ్ల మందాలు, డిస్కుల మందం, వాటి మీది కనిష్ఠం రాసి ఫోటోలతో పంపు. ఏవి కొనాలో కలిసి చూద్దాం. తక్కువ పడిన డబ్బు నేను సర్దుతాను, అడగడానికి మొహమాటపడకు.

ప్రేమతో,
అమ్మ