కొత్త బాడీ కింద ఉన్న పాత ఛాసిస్ గురించి కూడా రాయండి

సంపాదకులు గారికి,

నమస్కారం. పాతకాలపు స్పోర్ట్స్ కార్ల నమూనాలను సొంతంగా తయారుచేసుకునేవారి గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఎంతో ఇష్టంగా చదివాను. రంగుల గురించి, క్రోమ్ తొడుగుల గురించి, సీట్ల తోలు గురించి రచయిత శ్రద్ధగా వివరించారు. కానీ ఆ మెరుపునంతా మోసే అడుగు చట్రం, అంటే ఛాసిస్ విషయాన్ని మాత్రం, పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఛాసిస్ మీద ఫైబర్‌గ్లాస్ బాడీ బిగిస్తే సరిపోతుందన్న ఒక్క వాక్యంతో ముగించారు. పోర్షే 356 స్పీడ్‌స్టర్ అనే కప్పులేని స్పోర్ట్స్ కారుకు రెప్లికాను (నమూనాను) మూడేళ్లుగా కడుతున్న నాకు, ఆ మాట నమ్మి ఎవరైనా ఛాసిస్ మీద రంపం పెడతారేమోనన్న ఆందోళన కలిగింది. అందుకే ఈ లేఖ.

బీటిల్‌ను ఎంచుకోవడంలో తప్పేమీ లేదు. పోర్షే 356 కూడా తొలినాళ్లలో ఫోక్స్‌వ్యాగన్ భాగాల ఆధారంగానే రూపొందింది కాబట్టి, ఆ రెండింటి మధ్య చుట్టరికం ఉండనే ఉంది. పైగా బీటిల్ బాడీ ఛాసిస్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. అవి విప్పి బాడీని ఎత్తేస్తే ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలు, బ్రేకులు కింద అలాగే నిలిచి ఉంటాయి. అసలు పని మొదలయ్యేది అక్కడే. బీటిల్ ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 2,400 మిల్లీమీటర్లు, స్పీడ్‌స్టర్‌ది 2,100. అచ్చంగా ఆ కొలతే కావాలంటే ఛాసిస్ నడుమ నుంచి 300 మిల్లీమీటర్లు తీసేయాలి. బాడీ అచ్చును బట్టి ఈ కొలత మారవచ్చు గనుక, చేతికి వచ్చిన బాడీని స్వయంగా కొలవకుండా కోతకు దిగకూడదు.

ఛాసిస్ మధ్యలో వెన్నెముకలా సాగే సొరంగంలోనే గేర్ల కడ్డీ, క్లచ్, యాక్సిలరేటర్, హ్యాండ్‌బ్రేకు కేబుళ్ల గొట్టాలు, పెట్రోలు గొట్టం ఉంటాయి. ఛాసిస్‌ను ఎంత కుదిస్తే వాటినీ అంతే కుదించాలి. కోసే ముందు అడ్డకమ్ములు వెల్డింగ్ చేసి ఛాసిస్‌ను కదలకుండా బిగించాలి. ఎడమ ముందు మూల నుంచి కుడి వెనుక మూలకు, కుడి ముందు నుంచి ఎడమ వెనుకకు ఐమూలగా కొలిచి రాసుకోవాలి. అతికాక ఆ రెండు కొలతలూ సమానంగా రాకపోతే, ఎంత అందమైన కారైనా రోడ్డు మీద పీతలా పక్కకు లాగుతుంది. వెల్డింగ్ కూడా ఏకబిగిన చేయకుండా, కొంచెం ఇటు, కొంచెం అటు, చల్లారనిస్తూ చేయాలి. లేదంటే వేడికి రేకు మెలితిరుగుతుంది.

వ్యాసంలో అసలే రాని మరో ముఖ్య విషయం ఛాసిస్ బిగువు. బీటిల్‌కు ఆ గట్టిదనం ఛాసిస్ నుంచి కొంత, పైకప్పుతో కలిసిన ఉక్కు బాడీ నుంచి కొంత వస్తుంది. అందుకే కప్పులేని బీటిల్‌ను తయారుచేసిన కార్మన్ సంస్థ కూడా దాని కింది అంచుల పొడవునా అదనపు ఉక్కు దన్ను పెట్టింది. కప్పులేని ఫైబర్‌గ్లాస్ బాడీకి, లోపల ఉక్కు చట్రం లేకుండా ఆ పని చేసే శక్తి లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది: బాడీ తేలికైన కొద్దీ వెనుక భాగం పైకి లేస్తుంది. స్వింగ్ యాక్సిల్ (గేర్‌బాక్స్ దగ్గరి కీలు మీద చక్రంతో పాటు పైకీ కిందికీ ఊగే ఇరుసు) ఉన్న పాత బీటిళ్లలో దీనివల్ల వెనుక చక్రాల వంపు మారి, మలుపుల్లో అవి లోపలికి ముడుచుకునే ప్రమాదం పెరుగుతుంది. వెనుక టోర్షన్ బార్‌కు (మెలితిరుగుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీకి) లోపలి చివర 40, బయటి చివర 44 పళ్లు ఉండేది ఇలాంటి సవరణ కోసమే: ఒక చివర ఒక పన్ను ఇటు, రెండో చివర ఒక పన్ను అటు జరిపితే ఒక డిగ్రీ కంటే తక్కువ తేడాను కూడా సరిచేసుకోవచ్చు. గంటల తరబడి చేసే ఈ పని పెయింటు కంటే ఎంతో విలువైనదని నా నమ్మకం.

నా మొదటి ఛాసిస్ విషయంలో నేనూ మోసపోయాను. అడుగున దట్టంగా నల్లటి తారుపూత ఉంటే, భద్రంగా కాపాడారనుకున్నాను. గీకి చూస్తే, వెనుక సీటు కింద బ్యాటరీ ఉండే కుడివైపు రేకు తుప్పుపట్టి వేలితో పొడిస్తే ఊడివచ్చింది. దాన్ని పక్కన పెట్టి మరొకటి వెతకడానికి ఏడాది పట్టింది.

ఇలాంటి కార్లను 'నకిలీ' అని మీ వ్యాసం రెండుచోట్ల పేర్కొనడం నన్ను బాధించింది. ఒరిజినల్ షెల్బీ కోబ్రా స్పోర్ట్స్ కార్లు తయారైనవి సుమారు వెయ్యి మాత్రమే. ఇప్పుడు తిరుగుతున్న కోబ్రాల్లో అత్యధికం రెప్లికాలే. వాటిని రెప్లికాలని చెప్పి నడిపేవారు ఎవరినీ మోసగించడం లేదు. ఒరిజినల్ అని చెప్పి అమ్మితేనే అది నకిలీ. నా కారులో వెనుక సీటు ఉండాల్సిన చోట సొరంగం మీద బీటిల్ ఛాసిస్ నంబరు ఉంది. దాన్ని నేను చెరపలేదు, కప్పలేదు.

ఈ అంశం మీద మళ్లీ రాసేటప్పుడు, బాడీ ఎత్తేసిన ఛాసిస్ ఫొటో ఒకటి, దాని పక్కన ఐమూల కొలతల పద్ధతిని చిన్న పటంగా ప్రచురించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు